పక్షవాతం తర్వాత చెయ్యి, నడక: ఎవరికి ఏ ఫిజియోథెరపీ

స్ట్రోక్ వచ్చిన మనిషి డిశ్చార్జ్ అయ్యే రోజున ఇంట్లోవాళ్ల ముందు చాలా దారులు కనిపిస్తాయి. రోబో ఉన్న పెద్ద సెంటర్, వీధి చివర ఫిజియో క్లినిక్, రోజూ ఇంటికొచ్చి గంటసేపు చేయించి వెళ్లే ఫిజియో, ఎవరో చెప్పిన కరెంటు మిషన్, ఇంకెవరో ఫార్వర్డ్ చేసిన స్టెమ్ సెల్ ప్రకటన. ఖరీదైనదే మంచిదనుకుని మొదలుపెట్టి, డబ్బు అయిపోయాక చికిత్సే మానేసేవాళ్లు చాలామంది. గత 20 ఏళ్లలో ఈ దారులన్నిటి మీదా పెద్ద ట్రయల్స్ జరిగాయి. అందులో రెండు మన దేశంలోనే జరిగాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేలుతుంది: ఇవాళ ఆ మణికట్టు ఎంత లేస్తోంది, ఆ మనిషి ఎంత నడుస్తున్నాడు అన్నదాన్ని బట్టి పద్ధతిని ఎంచుకోవాలి. సెంటర్ సంగతి ఆ తర్వాత. ఒకరికి పనికొచ్చింది పక్క మంచం మనిషికి దండగ కావచ్చు, ఒక్కోసారి చెరుపు కూడా.

ముందు మణికట్టు చూడండి

ముంజేతిని బల్ల మీద ఆనించండి. అరచెయ్యి కిందికి ఉండాలి, మణికట్టు బల్ల అంచు దాటి వేలాడాలి. ఇప్పుడు చేతిని పైకి లేపమనండి, తర్వాత వేళ్లు తెరవమనండి. గుప్పిట మూయగలగడం చూసి సంబరపడకండి. పక్షవాతంలో మూయడం ముందే వస్తుంది, తెరవడమే కష్టం. స్మైలీ బంతి ఇచ్చి రోజంతా నొక్కించే అలవాటుతో వచ్చే చిక్కు ఇదే. అసలే ముడుచుకుపోతున్న వేళ్లకు ముడుచుకోవడమే నేర్పుతాం.

మణికట్టు కనీసం 20 డిగ్రీలు, వేళ్ల మొదటి కణుపులు 10 డిగ్రీలు లేస్తే మొదటి రకం. 20 డిగ్రీలంటే పెద్దదేం కాదు, గడియారంలో పెద్దముల్లు మూడు నిమిషాల్లో తిరిగే దూరం కన్నా కాస్త ఎక్కువ. కొద్దిగా అదిరినట్టు కదిలితే రెండో రకం. అసలేమీ కదలకపోతే మూడో రకం.

ఈ చిన్న పరీక్షకు చాలా విలువుంది. నెదర్లాండ్స్‌లో 188 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, స్ట్రోక్ వచ్చిన 72 గంటల్లోపు వేళ్లు కాస్త తెరుచుకుని, భుజం కాస్త పక్కకు లేచినవాళ్లకు ఆరు నెలల నాటికి చేతిలో ఎంతోకొంత పనితనం తిరిగొచ్చే అవకాశం 98 శాతంగా తేలింది. రెండూ లేనివాళ్లకు 25 శాతం. తొమ్మిదో రోజుకీ రాకపోతే 14 శాతం. ఇక్కడ ‘ఎంతోకొంత’ అన్న మాటను జాగ్రత్తగా చదవండి. వస్తువు పట్టి కదపగలగడం దగ్గర్నుంచీ అందులోకే వస్తుంది, మునుపటి చెయ్యి పూర్తిగా రావడమని అర్థం కాదు. అలాగే 14 శాతమంటే సున్నా కాదు. కాకపోతే అక్కడ పెట్టుబడి వేరే చోట పెట్టాలి: భుజం నొప్పి రాకుండా చూడటం, ఒంటి చేత్తో పనులు నేర్చుకోవడం, నడక.

మొదటి రకానికి: బాగున్న చేతికి గ్లౌజు

బాగున్న చేతికి మందపాటి గ్లౌజు తొడిగి, పడిపోయిన చేత్తోనే పనులన్నీ చేయించడం ఈ పద్ధతి. 2006లో వచ్చిన ఎక్సైట్ ట్రయల్‌లో, స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. గ్లౌజు గుంపు మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం దాన్ని తొడుక్కుంది, రెండు వారాలు, రోజుకు ఆరు గంటల దాకా సాధన. మామూలు చికిత్స గుంపు కన్నా వీళ్ల చెయ్యి మెరుగుపడింది. ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. చేతి విషయంలో ఇంత గట్టి రుజువున్న పద్ధతులు తక్కువ.

మరి అందరూ ఎందుకు చేయించరు? ఫిజియోకి రోజుకు ఆరు గంటలు ఒకే పేషెంటుతో గడపడం కుదరదు కాబట్టి. దీనికి తేలిక రూపం ఒకటుంది: వారానికి మూడు రోజులు అరగంట ఫిజియోతో, వారానికి ఐదు రోజులు రోజుకు ఐదు గంటలు ఇంట్లో గ్లౌజు, ఇలా పది వారాలు. మన ఇళ్లకు ఇదే నప్పుతుంది.

పాడయ్యేది ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది భోజనం. ఎడమ చెయ్యి పడిపోయినవాళ్ల కుడి చేతికి గ్లౌజు తొడిగి ‘తినండి’ అంటే, రెండో రోజుకే గ్లౌజు అటకెక్కుతుంది. ఎడమ చేత్తో అన్నం తినడం మనకు మింగుడుపడదు. ఆ ఐదు గంటల్లో భోజనం వేళ రాకుండా చూసుకోండి. కుడి చెయ్యే పడిపోయినవాళ్లకు మాత్రం అన్నం కలిపి ముద్ద చేయడం కన్నా మంచి సాధన లేదు. బొటనవేలు, మూడు వేళ్లు, మణికట్టు అన్నీ అందులో పని చేస్తాయి. మొదట గట్టిగా కలిపిన పప్పన్నం, తర్వాత పెరుగన్నం. రెండోది భద్రత. స్నానాల గదిలో, మెట్ల మీద, చేతికర్ర పట్టుకుని నడిచేటప్పుడు, వేడి వస్తువుల దగ్గర గ్లౌజు తీసేయాలి. మూడోది పని కష్టం. చెంబు ఎత్తలేని మనిషికి చెంబే ఇచ్చి కూర్చోబెడితే భుజం పైకెత్తి, నడుం వంచి ఎలాగో చేస్తాడు, చెయ్యి మాత్రం నేర్చుకోదు. పదిలో ఆరేడు సార్లు కుదిరేంత కష్టం పెట్టండి. ఖాళీ ప్లాస్టిక్ గ్లాసుతో మొదలుపెట్టి, సగం నీళ్లకు, తర్వాత నిండు గ్లాసుకు వెళ్లండి.

తొందరపడటం కూడా మంచిది కాదు. వెక్టర్స్ అనే 52 మంది ట్రయల్‌లో స్ట్రోక్ వచ్చిన కొద్ది రోజులకే రోజుకు మూడు గంటల సాధన, మెలకువలో 90 శాతం గ్లౌజు పెడితే, 90 రోజులకు వాళ్ల చెయ్యి తక్కువ మోతాదు వాళ్ల కన్నా వెనకబడింది.

రెండో, మూడో రకాలకు: అద్దం, కరెంటు

అద్దం పద్ధతి తక్కువ ఖర్చుది, ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది కూడా. ఒక విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2018 నాటి సమీక్షలో 62 అధ్యయనాలు, 1,982 మంది ఉన్నారు. చేతి కదలిక, రోజువారీ పనులు కొంత మెరుగుపడతాయని తేలింది.

ఇంట్లో ఇలా. బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఛాతీకి ఎదురుగా మధ్యలో అద్దాన్ని నిలువుగా పెట్టండి. మెరిసే వైపు బాగున్న చేతి వైపు ఉండాలి. పడిపోయిన చెయ్యి అద్దం వెనక కనపడకుండా ఉండాలి. మోచెయ్యి నుంచి వేళ్ల దాకా కనిపించేంత వెడల్పు కావాలి, చిన్న షేవింగ్ అద్దం చాలదు. గాజులు, ఉంగరాలు, వాచీ తీసేయండి. వెనక చేతికి లేని గాజులు అద్దంలో మెరుస్తుంటే అది తన చెయ్యేనన్న భ్రమ నిలవదు. బాగున్న చేతిని నెమ్మదిగా కదుపుతూ చూపు అద్దంలోని చేతి మీదే ఉంచాలి. వెనక ఉన్న చెయ్యి కూడా అలాగే కదలాలని ప్రయత్నించాలి, కదలకపోయినా సరే. మణికట్టు లేపడం, అరచెయ్యి తిప్పడం, వేళ్లు తెరవడం, బొటనవేలు ఒక్కో వేలికి తాకించడం. రోజుకు అరగంట, కుదరకపోతే పదిహేను నిమిషాలు రెండుసార్లు, వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు. టీవీ నడుస్తుండగా చేస్తే చూపు అద్దం మీద నిలవదు. ఎడమ పక్క ఉన్నదేదీ గమనించని మనిషికైతే పక్కన ఒకరు కూర్చుని చూపు మళ్లించాలి.

కరెంటు మిషన్ దగ్గర జరిగే పొరపాటు కొనేటప్పుడే జరుగుతుంది. నొప్పికి వాడే టెన్స్ మిషన్, కండరాన్ని ముడుచుకునేలా చేసే ఎన్‌ఎంఈఎస్ మిషన్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చర్మం జివ్వుమంటే చాలదు, మణికట్టు లేవాలి. సెకనుకు 30 నుంచి 50 స్పందనలు (హెర్ట్జ్), ఒక్కో స్పందన వెడల్పు 200 నుంచి 300 మైక్రోసెకన్లు, పది సెకన్లు ఆన్, దానికి రెట్టింపు ఆఫ్: మొదట్లో ఇలా పెట్టుకోవచ్చు. ఒక ప్యాడ్ ముంజేతి వెనక వైపు, మోచేతికి మూడు నాలుగు వేళ్ల కింద, రెండోది ముంజేతి మధ్యలో. చెయ్యి బొటనవేలి వైపు వాలుతూ లేస్తుంటే ప్యాడ్‌ను చిటికెనవేలి వైపు ఒక సెంటీమీటరు జరపండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదు. ఫిట్స్ అదుపులో లేనివాళ్లు, కాలిలో గానీ చేతిలో గానీ రక్తం గడ్డకట్టినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు.

మిషన్ చెయ్యి లేపుతుంటే మనిషి ఫోన్ చూస్తూ కూర్చుంటే పెద్దగా ఒరగదు. స్పందన వచ్చిన ప్రతిసారీ తానూ లేపాలని ప్రయత్నించాలి. 2016లో 80 మంది మీద చేసిన పోలికలో, బాగున్న చెయ్యి తెరిచినప్పుడు పడిపోయిన చేతికి అంత కరెంటు వెళ్లే ఏర్పాటు పెట్టారు. దానంతటది ఆన్, ఆఫ్ అయ్యే మిషన్ కన్నా ఇది చేతి పనితనాన్ని ఎక్కువ పెంచింది. కరెంటు రెండింటిలోనూ ఉంది, మొదటిదాంట్లో మనిషి ప్రయత్నం కూడా ఉంది.

రోబో సంగతి

చేతిని పట్టి కదిపించే రోబో ఫిజియో కన్నా మేలా? బ్రిటన్‌లో 770 మందితో జరిగిన రాటుల్స్ ట్రయల్ (2019) ఈ ప్రశ్నకు నేరుగా జవాబు వెతికింది. ఒక గుంపుకు రోబో, ఒక గుంపుకు అంతే సేపు ఫిజియోతో పనుల సాధన, మూడో గుంపుకు మామూలు చికిత్స మాత్రమే. మొదటి రెండు గుంపులకూ 45 నిమిషాలు, వారానికి మూడు రోజులు, 12 వారాలు. మూడు నెలలకు ముందే అనుకున్న మెరుగుదల అందుకున్నవాళ్లు రోబో గుంపులో 44 శాతం, ఫిజియో గుంపులో 50, మామూలు చికిత్సలో 42. గణాంకాల లెక్కన మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. రోబోతో చెయ్యి కదలిక కొంత పెరిగినా, గ్లాసు పట్టడం, తలుపు తీయడం దాకా అది రాలేదు.

రోబోను సమర్థించే వాదన ఒకటుంది, కొట్టిపారేయలేం. అమెరికాలో 312 ఫిజియో సెషన్లను కూర్చుని లెక్కపెట్టిన అధ్యయనంలో (2009), చేతితో నిజమైన పని చేయించిన సార్లు సగటున సెషన్‌కు 32. జంతువుల మీద పరిశోధనల్లో మెదడు మార్పుకు వందల సార్లు కావాల్సి వచ్చింది. రోబో గంటలో వందల సార్లు కదిపిస్తుంది. కానీ లెక్క ఒక్కటే చాలదు. ఆ అధ్యయనం చేసిన బృందమే స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటిన 85 మందికి 3,200 నుంచి 9,600 సార్ల దాకా వేర్వేరు మోతాదులు ఇచ్చి చూసింది. ఎక్కువ సార్లు చేసినవాళ్లు ఎక్కువ మెరుగుపడలేదు.

కాబట్టి రోబో సెంటర్‌కి వెళ్లాల్సి వస్తే ఇది అడగండి: రోబో మీద గంట అయ్యాక, నేర్చుకున్న కదలికతో చేసే పని ఎంతసేపు చేయిస్తారు? జవాబు ‘ఏమీ లేదు’ అయితే ఆ డబ్బుతో మంచి ఫిజియోతో మూడు రెట్లు గంటలు దొరుకుతాయేమో చూడండి.

నడక: ఇక్కడ లెక్క తిరగబడుతుంది

ట్రెడ్‌మిల్, నడిపించే రోబో ఒకటే కోవకు చెందినవనిపిస్తాయి, కానీ పనికొచ్చే మనుషులు వేరు. కాక్రేన్ సమీక్షల ప్రకారం, ట్రెడ్‌మిల్ ఇప్పటికే సొంతంగా నడిచేవాళ్ల వేగాన్ని, దమ్మును పెంచుతుంది. నడవలేనివాళ్లను నడిపించదు. లోకోమ్యాట్‌లాంటి, కాళ్లను పట్టి నడిపించే యంత్రాలు, ఫిజియోతో కలిపి వాడితే, మొదటి మూడు నెలల్లో ఉండి ఇంకా నడవలేని వాళ్లకే ఎక్కువ లాభం. చేతి రోబో నిరాశపరిచింది కదా అని నడక యంత్రాన్ని కూడా తీసిపారేయకండి. అలాగని నడుస్తున్న మనిషికి దాని మీద డబ్బు పోయకండి.

సెంటర్‌కి వెళ్లే వీలు లేనివాళ్లకు లీప్స్ ట్రయల్ (2011) ధైర్యం ఇస్తుంది. 408 మందిలో కొందరికి జీను తగిలించి ట్రెడ్‌మిల్ మీద నడక నేర్పారు, కొందరికి ఫిజియో ఇంటికెళ్లి బలం, బ్యాలెన్స్ వ్యాయామాలు చేయించారు. 90 నిమిషాల చొప్పున 36 సెషన్లు. ఏడాది తర్వాత రెండు గుంపుల మధ్య తేడా లేదు. మొత్తం మీద 52 శాతం మంది నడక ఒక మెట్టు పైకెక్కింది. బాగా దెబ్బతిన్న నడకతో తొందరగా ట్రెడ్‌మిల్ ఎక్కినవాళ్లలో పదేపదే పడిపోవడం ఎక్కువ కనిపించింది.

సొంతంగా నడిచేవాళ్లకు వేగమే మందు. 55 మందితో చేసిన 2023 నాటి ట్రయల్‌లో 30 సెకన్లు శక్తికొద్దీ వేగంగా నడిచి, కాసేపు ఆగి, మళ్లీ నడవడం, ఇలా 45 నిమిషాలు, వారానికి మూడుసార్లు, 12 వారాలు చేసినవాళ్లు ఆరు నిమిషాల నడక పరీక్షలో సగటున 71 మీటర్లు ఎక్కువ నడిచారు. మధ్యస్థ వేగంతో చేసినవాళ్లు 27 మీటర్లు. ఇది మొదలుపెట్టే ముందు గుండె పరీక్ష తప్పనిసరి, ఆ ట్రయల్‌లోనూ చేశారు.

ఇక నడిచేటప్పుడు పాదం పైకి లేవక వేలాడే వాళ్లకు ఇచ్చే ప్లాస్టిక్ పట్టీ, ఏఎఫ్ఓ. మన ఇళ్లలో ఇది మూలన పడటానికి కారణం ఒకటే: బూటు లేకుండా అది పనిచేయదు, బూటుతో ఇంట్లో తిరగనివ్వరు. ఒక సైజు పెద్ద, మడమ పట్టున్న బూట్ల జత విడిగా కొని ఇంట్లోకే ఉంచండి. ఉత్త ఏఎఫ్ఓతో నున్నటి గచ్చు మీద నడిస్తే జారిపడతారు.

ఎప్పుడు ఖర్చు పెట్టాలి

మొదటి 24 గంటల్లోనే లేపి ఎక్కువసేపు నడిపిస్తే మంచిదన్న నమ్మకాన్ని అవర్ట్ ట్రయల్ (2015) పరీక్షించింది. ఐదు దేశాలు, 2,104 మంది. తొందరగా, ఎక్కువ మోతాదులో లేపిన గుంపులో మంచి ఫలితం 46 శాతం, మామూలు గుంపులో 50. తర్వాతి విశ్లేషణలో ఎక్కువసేపు ఒకేసారి కన్నా కొద్దికొద్దిసేపు ఎక్కువసార్లు లేపడం మేలని కనిపించింది. కాబట్టి ఆసుపత్రిలో రెండో రోజున ‘ఇంకా నడిపించలేదే’ అని గొడవపడకండి.

2021లో వచ్చిన మరో ట్రయల్‌లో 72 మందికి 20 గంటల అదనపు చేతి సాధనను వేర్వేరు సమయాల్లో ఇచ్చారు. రెండు, మూడు నెలల మధ్య ఇచ్చిన గంటలు అన్నిటికన్నా ఎక్కువ ఫలించాయి, మొదటి నెలలో ఇచ్చినవి కొంత. ఆరు నెలలు దాటాక అదే 20 గంటలకు తేడా కనపడలేదు. చిన్న ట్రయలే, అయినా బడ్జెట్ వేసుకోవడానికి పనికొస్తుంది: ఉన్న డబ్బంతా మొదటి మూడు వారాలకే ఖర్చు చేయకండి, మూడో నెలకు దాచండి. లండన్‌లోని క్వీన్ స్క్వేర్‌లో మూడు వారాల్లో 90 గంటలు చేయిస్తే, ఏడాది దాటినవాళ్ల చేతులూ మెరుగుపడ్డాయి. పోల్చడానికి రెండో గుంపు లేని అధ్యయనం అది, అయినా ఆలస్యమైతే తలుపు పూర్తిగా మూసుకోదని, గంటలే బాగా పెరగాలని చెబుతుంది.

ఇంటివాళ్లే చేయించడం

భారతదేశంలో 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిగిన అటెండ్ ట్రయల్ (2017) ఇంటివాళ్లే సాధన చేయిస్తే చాలా అని అడిగింది. ఇంటి మనిషికి ఆసుపత్రిలో రోజుకు గంట చొప్పున సుమారు మూడు రోజులు నేర్పి, తర్వాత ఆరు సార్ల దాకా ఇంటికెళ్లి చూశారు. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. ఇంటివాళ్ల శ్రమ వృథా అని దీన్ని చదవకూడదు. మూడు రోజులు నేర్పి వదిలేస్తే ఫిజియోకి బదులు కాదని చదవాలి. వారానికి ఒక్కసారైనా ఫిజియో వచ్చి సాధన కష్టం పెంచి, తప్పులు దిద్ది వెళ్తుంటే, మిగతా ఆరు రోజులు ఇంటివాళ్లు చేయించడం మేము చెప్పే పద్ధతి.

ఇంటివాళ్లు చేయకూడనివి రెండు. పడిపోయిన చెయ్యి పట్టి లాగి మంచం మీంచి లేపకండి, నడుం దగ్గర బెల్టు పట్టుకోండి. తలపైన కప్పీకి తాడు కట్టి బాగున్న చేత్తో పడిపోయిన చేతిని లాగించే వ్యాయామం మానేయండి. చాలా క్లినిక్‌ల గోడకు ఇది ఇంకా వేలాడుతోంది, అమెరికా స్ట్రోక్ మార్గదర్శకాలు వద్దంటున్నాయి. భుజం నొప్పి మొదలైతే మిగతా సాధనంతా ఆగిపోతుంది.

మాత్రలు, ఇంజెక్షన్లు

డిప్రెషన్‌కు వాడే ఫ్లుయాక్సెటిన్ మాత్ర కదలిక తెస్తుందని 118 మంది చిన్న ట్రయల్ ఆశ పెట్టింది. 3,127 మంది ఫోకస్ ట్రయల్ (2019) ఆ ఆశ తీసేసింది: డిప్రెషన్ తగ్గింది, ఎముకలు విరగడం పెరిగింది, కోలుకోవడం మారలేదు. డిప్రెషన్ ఉంటే డాక్టర్ ఇవ్వొచ్చు, చేతి కోసం అడగొద్దు. బోటాక్స్ ఇంజెక్షన్ కండరాల బిగువు తగ్గించి గోళ్లు తీయడం, చొక్కా తొడగడం సులువు చేస్తుంది. పనితనం దానంతటది తేదు. మెడలోని వేగస్ నరానికి పరికరం అమర్చి సాధనతో కలిపే పద్ధతికి 108 మంది ట్రయల్‌లో మంచి ఫలితమే వచ్చింది, 2021లో అమెరికా అనుమతించింది, కానీ అది ఆపరేషన్.

స్టెమ్ సెల్ మాటకొస్తే, మన దేశంలోనే ఐదు కేంద్రాల్లో 120 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు సొంత ఎముక మజ్జ కణాలు ఎక్కించి చూశారు (2014). ప్రమాదం లేదు, ప్రయోజనమూ లేదు. స్ట్రోక్‌కు దీన్ని డబ్బు తీసుకుని ఇచ్చే చికిత్సగా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఒప్పుకోదు. ‘ఇది రీసెర్చ్’ అని ఎవరైనా అంటే సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) నంబరు అడగండి. సీటీఆర్ఐ తర్వాత సంవత్సరం, నెల, వరుస సంఖ్య ఉంటాయి, ఎవరైనా ఆన్‌లైన్‌లో వెతికి చూడొచ్చు. నిజమైన ట్రయల్‌లో పరీక్షిస్తున్న చికిత్సకు పేషెంటు దగ్గర డబ్బు తీసుకోరు, సమ్మతి పత్రం తెలుగులో ఇస్తారు, మధ్యలో మానేసినా మామూలు చికిత్స ఆపరు. నంబరు లేదని తేలితే రూపాయి కట్టకుండా వచ్చేయండి.